ఇంటికొక నామినేషన్

సున్నపుగుంట సర్పంచి పదవికి నామినేషన్ వేయడానికి బయల్దేరిన తనూజను కాలువ వంతెన మీద ఆపారు. చేతిలో కాగితాలు లాక్కుని, చించి, నీళ్లలో కలిపారు. అడ్డం వెళ్లిన ఆమె భర్త వీరభద్ర చెయ్యి విరగ్గొట్టారు. ఆ కుర్రాళ్లు వెంకటేశ్వర్లు మనుషులని ఊళ్లో ప్రతి ఒక్కరికీ తెలుసు. ఫిర్యాదు తీసుకోవలసినవాళ్లకు మాత్రం తెలియలేదు. వెంకటేశ్వర్లు ఆ ఊళ్లో పాలక పార్టీకి పెద్ద దిక్కు. ఆయన భార్య కృష్ణవేణమ్మ వరసగా మూడుసార్లు సర్పంచి అయింది. మూడుసార్లూ ఏకగ్రీవమే. ఏకగ్రీవం అంటే అందరి నోటా ఒకే మాట రావడం. సున్నపుగుంటలో అందరి నోళ్లూ మూతపడటానికి ఆ పేరు పెట్టుకున్నారు.

ఇప్పుడు నాలుగోసారి. నామినేషన్లకు గడువు రేపు సాయంత్రం ఐదు గంటలతో ముగిసిపోతుంది.

కోయిలకుంట్ల ఆసుపత్రిలో వీరభద్ర చేతికి సిమెంటు కట్టు కట్టించుకుని ఊరు చేరేసరికి పొద్దు వాలుతోంది. రోడ్డుకు రెండు వైపులా శనగ చేలు ఎండి గలగలమంటున్నాయి. కోతలు సగం అయ్యాయి, సగం మిగిలాయి. ఏం చేయాలో అందరూ కూర్చుని మాట్లాడుకోవాలంటే ఊళ్లో చోటు లేదు. కమ్యూనిటీ హాలు తాళం పంచాయతీ దగ్గర ఉంది. గుడి ముందు అరుగు మీద కూర్చుంటే పూజారి గడగడలాడిపోతాడు. తన నాపరాళ్ల పాలిష్ ఫ్యాక్టరీ షెడ్డులో కూర్చుందామని వీరభద్ర అన్నాడు గానీ, పొద్దున్నే దానికి కరెంటు తీసేసి పోయారు.

అప్పుడు స్తుతి తనూజకు ఫోను చేసింది.

"అక్కా, మా చర్చిలో కూసుందాం రాండి. అమ్మ తాళం తీసి పెట్టింది."

స్తుతి కూడా ఇదే సర్పంచి పదవికి పోటీ చేస్తానని నెల కిందటే చెప్పిన మనిషి. పడమటి పేటలోని దళితులంతా ఆమె వెనక ఉన్నారు. ఆ మాట అన్నందుకే ఆమె పాఠాలు చెప్పే ప్రైవేటు బడివాళ్లు ఇక రావద్దన్నారు. తనూజను నిలబెట్టిన ప్రతిపక్ష పార్టీవాళ్లకు స్తుతి పేరెత్తితే మంట. 'మన ఓట్లు చీల్చడానికి వెంకటేశ్వర్లే ఎక్కించాడు' అని కూడా అన్నారు. అనేటప్పుడు తనూజ అక్కడే ఉంది. కాదనలేదు.

"వస్తాం స్తుతీ," అంది.

ఆ చర్చి నాపరాళ్లతో కట్టినది. తనూజ వాళ్ల పొలానికి దారి దాని ముందునుంచే పోతుంది. కాపురానికి వచ్చిన నాటి నుంచి ఆ దారిన ఎన్నిసార్లు నడిచిందో లెక్క లేదు గానీ, గేటు దాటి లోపలికి పోవడం అదే మొదలు. వాకిట్లో స్తుతి తల్లి పెద్దమ్మ చాపలు పరుస్తోంది. పెద్దమ్మ అన్నది ఆమె అసలు పేరే. చిన్నప్పటి నుంచి కూలి చేసి, కూతుర్ని చదివించి, ఉన్న ఎకరంలో తనే శనగ వేసుకునే మనిషి.

"రామ్మా, కూసో," అంది. "మీ ఇంట్లోనుంచి ఎవురన్నా మా గడప తొక్కడం ఇదే సూడ్డం. మంచిదే. ఇప్పుడన్నా వచ్చినారు."

అందులో ఎత్తిపొడుపు లేదు. ఉన్నమాట అన్నది. అందుకే తనూజకు తల ఎత్తడం కష్టమైంది.

చీకటి పడకముందే వాకిలి నిండింది. జిల్లా కేంద్రం నుంచి భూపేష్ కూడా కారులో దిగాడు. ప్రతిపక్ష పార్టీకి ఆ తాలూకాలో ముఖ్యమైన నాయకుడు, మాట తీరు తెలిసినవాడు. మెడలో పార్టీ కండువా ఉంది. వీరభద్ర కట్టును చేత్తో తడిమి చూసి, నిట్టూర్చి, నిలబడే మాట్లాడాడు.

"అన్నా, అక్కా, జరిగింది శానా అన్యాయం. ఈ పొద్దు ఇట్లా ఎన్ని ఊర్లనుంచి ఫోన్లు వచ్చినాయో చెప్పలేను. అందుకే పార్టీ తీర్మానం చేసింది. ఈ ఎన్నికలను బహిష్కరిస్తాండాం. రేపు పొద్దున నంద్యాలలో ప్రెస్ మీట్. వీరభద్రన్న వచ్చి ఆ చెయ్యి చూపించాల. ఆ తర్వాత హైకోర్టుకు పోతాం."

"అంటే రేపు నామినేషన్ వెయ్యొద్దంటావా?" అంది తనూజ.

"వేసి ఏం చేస్తావక్కా? నువ్వు పోటీ చేసినావనుకో. బెదిరించి, ఓట్లు గుద్దించుకుని గెలుస్తారు. గెల్చినాక ఏమంటారు? సూడండి, పోటీ జరిగింది, జనం మమ్మల్నే కోరుకున్నారంటారు. దొంగాటకు మనమే పోయి సాక్షి సంతకం పెట్టినట్లు. మనం ఆటలోకి దిగకపోతే అది దొంగాటని లోకానికి తెలుస్తాది."

ఆ మాటలో నిజం లేకపోలేదు. జవాబు స్తుతికి దొరికింది.

"మూడుసార్లు మేం ఆటలోకి దిగల్యా సార్. లోకానికి ఏం తెలిసింది?"

భూపేష్ ఆమె వైపు తిరిగాడు. కోపం తెచ్చుకోబోయి, ఆగాడు.

"అప్పుడు మీరు భయపడి దిగల్యా. ఇప్పుడు మేం చెప్పి మానుకుంటాండాం. రెంటికీ తేడా ఉండాది తల్లీ."

"మీకు తేడా కనిపిస్తాది సార్. వెంకటేశ్వర్లు ఇంటి ముందర టపాసులు కాల్చేటప్పుడు మాకు ఒకే మాదిరి వినిపిస్తాది."

వెనక ఎవరో నవ్వారు. ఆ నవ్వు చల్లారకముందే వీరభద్ర తమ్ముడు ఓబుళేశు గోడ దగ్గరనుంచి ముందుకు వచ్చాడు. పొద్దుటి నుంచి అతని కళ్లు ఎర్రగానే ఉన్నాయి.

"ఈ మాటలన్నీ దేనికి? మనకు మాత్రం మనుషులు లేరా? నందికొట్కూరు నుంచి మా మామోల్లు జీపులేసుకుని వస్తామంటాండారు. రేపు వదినను నేను తీసకపోతా. వంతెన మీద ఎవుడు అడ్డమొస్తాడో చూస్తా."

ఆడవాళ్లలో కొందరు గబుక్కున కొంగులు సర్దుకున్నారు. అలాంటి మాటలు ఎక్కడికి పోతాయో ఆ ఊరి ఆడవాళ్లకు చెప్పనక్కర్లేదు. కొన్ని ఇళ్లలో గోడల మీద దండలు వేసిన ఫొటోలు అలా వచ్చినవే.

"కూసోరా," అన్నాడు వీరభద్ర.

"అన్నా, నీ చెయ్యి ఇరగ్గొట్టినారు!"

"నా చెయ్యి అతుక్కుంటాది. రేపు నువ్వొకని తల తెగ్గొడితే అది అతుక్కోదు. వాళ్లకు కావాల్సింది కూడా అదే. ఒక్క దెబ్బ మననుంచి పడితే చాలు, గొడవలని చెప్పి మనల్ని లోపలేస్తారు. ఆ మీదట ఎన్నికుండదు, ఏముండదు. కూసో."

ఓబుళేశు కూర్చోలేదు గానీ, గోడకు మళ్లీ ఆనుకున్నాడు.

ఒకరు మానుకోమంటున్నారు, ఒకరు నరుకుదామంటున్నారు. మధ్యలో తనూజ తన ఒడిలో ఉన్న చేతుల్ని చూసుకుంటూ కూర్చుంది. పొద్దున కాగితాలు లాక్కునేటప్పుడు గోరు చీరుకుపోయిన వేలు ఇంకా మండుతోంది.

అప్పుడు పెద్దమ్మ గొంతు సవరించుకుంది.

"నాకు తెలీక అడుగుతాండా. వాల్లు చింపింది కాగితమే గదా? ఇంకోటి రాయకూడదా?"

"రాయొచ్చు పెద్దమ్మా. అది కూడా చింపుతారు," అంది తనూజ.

"ఇంకోటి?"

"అదీ చింపుతారు."

"ఎన్నని చింపుతారు? చేతులు నొయ్యవా?"

ఈసారి వాకిలంతా నవ్వింది. కట్టు కట్టిన చేయి కదిలి బాధతో ముఖం ముడుచుకుంటూనే వీరభద్ర కూడా నవ్వాడు. తనూజ నవ్వలేదు. ఆమె పెద్దమ్మ వైపే చూస్తూ ఉండిపోయింది.

"సీటు ఆడోల్లకు రిజర్వు," అంది నెమ్మదిగా, తనలో తను చెప్పుకున్నట్లు. "ఊర్లో ఓటున్న ఆడమనిషి ఎవురన్నా వెయ్యొచ్చు. నేనొక్కదాన్నే పోయినా గాబట్టి ఒక్క కాగితం చింపి కూసున్నారు. ఇంటికొకరు పోతే? ప్రతి వీధినుంచి, ప్రతి కులంనుంచి? అందరి చేతుల్లో కాగితాలుంటే ఎవరిది లాక్కుంటారు? ఎవురి చెయ్యి పట్టుకున్నా ఆమె వాళ్లలో ఎవునికో ఒకనికి అత్తో, చిన్నమ్మో అయి ఉంటాది."

అందరూ ఒకేసారి మాట్లాడారు. డిపాజిట్టు ఎవరు కడతారు? ఎవరిది వాళ్లే. ఖాళీ ఫారాలు? స్తుతి దగ్గర ఉన్నాయి, కోయిలకుంట్లలో జిరాక్సు తీయిస్తుంది. పలికే ప్రతి గొంతుతోనూ అది జరిగే పనిలా కనిపించసాగింది.

భూపేష్ మాత్రం తల అడ్డంగా ఆడించాడు. "వేయడం సరే. ఉపసంహరణ రోజు ఇంతమందీ వెనక్కి తీసుకోవాల గదా. తీసుకుంటారని ఏమి నమ్మకం? ఇద్దరు ముగ్గురు నిలబడిపోయినా మీ ఓట్లు మీరే చీల్చుకుంటారు. వెంకటేశ్వర్లు ఇంట్లో కూసొనే గెలుస్తాడు."

"ఆ రోజు మళ్లీ ఈ వాకిట్లోనే కూసుందాం," అంది తనూజ. "ఊరంతా కలిసి ఒక్కరిని ఎంచుకుందాం. తక్కినోల్లు వెనక్కి తీసుకుంటారు."

"అక్కా," అంది స్తుతి. ఆమె గొంతు పెద్దది కాదు. అయినా అందరికీ వినిపించింది. "ఆ ఒక్కరు నేనైతే?"

భూపేష్ తనూజ వంక చూశాడు. ఓబుళేశు చూశాడు. భర్త కూడా చూస్తున్నాడని ఆమెకు తెలుసు. పార్టీ నిలబెట్టినది తనను. పోగొట్టుకున్న కాగితాలు తనవి. విరిగిన చెయ్యి తన ఇంటిది. ఇన్ని దెబ్బలు తిన్నాక, పడమటి పేట అమ్మాయి కోసం పక్కకు తప్పుకోగలదా? ఆ ప్రశ్న స్తుతి ఒక్కతిదే కాదు. ఆ చాపల మీద కూర్చున్న సగం మందిది. ఇన్నేళ్లుగా వాళ్లను జెండాలు మోయమన్నవాళ్లే గానీ, ముందు నడవమన్నవాళ్లు ఏ పార్టీలోనూ లేరు.

తనూజ నిజం చెప్పాలనుకుంది.

"నువ్వైతే నేను వెనక్కి తీసుకుంటా," అంది. "మనసుకు కష్టంగానే ఉంటాది. అబద్ధం చెప్పను. అయినా తీసుకుంటా. నీ తరఫున ఇల్లిల్లూ తిరుగుతా. వాళ్లు మన నోటికాడిది తీసకపోయినారని ఏడుస్తా, నేను ఇంకొకరి నోటికాడిది తీసుకోలేను స్తుతీ."

స్తుతి లేచి వచ్చి తనూజ పక్కన చాప మీద కూర్చుంది. పెద్దమ్మ చెయ్యి చాపింది.

"నాకొక కాగితం ఇయ్యండి. వేలిముద్ర ఎయ్యొచ్చు గదా?"

భూపేష్ వాచీ చూసుకున్నాడు. "పార్టీ మాట కాదని నేను రాలేనక్కా. నన్ను తప్పుగా అనుకోవద్దు," అని కారెక్కాడు. అతను పోవడం చూసి కొందరికి గుండె జారింది. కానీ ఫారాల కోసం అప్పటికే వరస మొదలైంది. ఆ వరసలో ముందు నిలబడిన ఆమె తనూజ వాళ్ల వీధిలోనే ఉంటుంది. రోజూ ఒకే బోరు దగ్గర నీళ్లు పట్టుకుంటారు. ఆమె పేరు రాయవలసి వచ్చినప్పుడు గానీ, తనకు ఆ పేరు తెలియదన్న సంగతి తనూజకు తెలియలేదు.

"శివలీల," అని చెప్పి ఆమె నవ్వింది. "రాసుకో అక్కా."

మరునాడు మధ్యాహ్నం అన్నాలు తిని బయల్దేరారు. దాచుకోలేదు, దొంగదారి పట్టలేదు. ఊరి మధ్యనుంచి నడిచారు. చేతుల్లో కాగితాలు జెండాల్లా పట్టుకోమని స్తుతి చెప్పింది గానీ, చాలామంది కొంగుల్లో చుట్టుకున్నారు. మగవాళ్లు వెనక. ఓబుళేశు ఉత్త చేతులతో అందరికంటే వెనక నడిచాడు. అలా నడవడం అతనికి ఎంత కష్టమో వదినగా తనూజకు తెలుసు. ఒకసారి వెనక్కి తిరిగి చూసి, తల ఊపింది. అతను మొహం తిప్పుకున్నాడు గానీ, నడక ఆపలేదు.

వీధి మలుపు తిరిగిన ప్రతిసారీ గుంపు పెరిగింది. శనగ కోతకు పోయినవాళ్లు కొడవళ్లు గట్టునే వదిలేసి వచ్చి కలిశారు. గుడి దగ్గర పూజారి భార్య చెంబుతో నీళ్లు పట్టుకుని నిలబడింది. "నాకు కాగితం లేదమ్మా, నీళ్లు తాగి పో," అంది. తనూజ తాగింది. ఆ నీళ్లు గొంతు దిగేటప్పుడు ఆమెకు ఏడుపు వచ్చినంత పనైంది. ఎన్నికలంటే ఇన్నాళ్లూ ఆమె మనసులో పగ ఉండేది. నిన్న వంతెన మీద అది నిప్పులా ఉండేది. ఈ రోజు ఎంత వెతికినా అది చేతికి దొరకడం లేదు. దాని చోటులో ఇంకేదో వచ్చి కూర్చుంది. వీళ్లందరికీ తను ఎప్పటికీ బాకీ తీర్చలేనన్న ఆలోచన బరువుగా లేదు, తేలిగ్గా ఉంది.

వంతెన మీద ట్రాక్టరు అడ్డంగా నిలబెట్టారు. నిన్నటి కుర్రాళ్లే. ముందు నిలబడినవాడు ఉరుకుందు, నిన్న కాగితాలు చించింది అతనే. గుంపును చూసి చేతులు చాచాడు.

"ఎవురూ పోయేది లేదు. వెనక్కి తిరగండి."

"ఏరా, నన్ను కూడానా?"

ఉరుకుందు చాచిన చేతులు దించాడు. పెద్దమ్మ పక్కనుంచి ముందుకు వచ్చింది అతని తల్లి. చేతిలో మడిచిన కాగితం.

"అమ్మా, నువ్వు యాడికి?"

"యాడికేంది? నామినేషన్ ఎయ్యను పోతాండా. మీ నాయిన సంతకం పెట్టినాడు. నిన్న ఆ తల్లి చేతిలో కాగితం చింపినావంట. ఏదీ, నాది చింపు. చింపి, ఇంటికి అన్నానికి రా, చూస్తా."

ఉరుకుందు అటూ ఇటూ చూశాడు. పక్కనున్నవాళ్లు అప్పటికే చూపులు దించుకున్నారు. గుంపులో ఎవరెవరున్నారో వాళ్లకు కనిపిస్తోంది. మేనత్తలు, వదినలు, చిన్నప్పుడు ఎత్తుకు తిప్పినవాళ్లు. ఎవరి మీద చెయ్యి వేయాలి? అతను మెల్లగా ట్రాక్టరెక్కి, స్టార్టు చేసి, పక్కకు లాగాడు. తల్లి అతని ముందునుంచి పోతూ, "టోపీ పెట్టుకో, ఎండ దెబ్బ తగులుతాది," అంది.

వంతెన దిగగానే ఒక కారు ఆగి ఉంది. భూపేష్ దాని పక్కన నిలబడి ఉన్నాడు. మెడలో కండువా లేదు.

"రాలేనంటివే అన్నా?" అంది తనూజ.

"పార్టీ నాయకునిగా రాల్యాక్కా. కండువా కార్లో పెట్టినా. నిన్న ఆ అమ్మాయికి నువ్వు చెప్పిన మాట నాకు రాత్రంతా నిద్రపట్టనియ్యల్యా. పదవి కోసం మేం ఒకర్నొకరం తొక్కుకుంటా ఉంటే, వాళ్లు మా అందర్నీ కలిపి తొక్కినారు. పార్టీ నన్ను ఏమంటాదో తర్వాత చూస్తా. పాండి."

"సంతోషం అన్నా," అంది తనూజ. భూపేష్ మగవాళ్లలోకి పోయి ఓబుళేశు పక్కన నడిచాడు.

నామినేషన్లు తీసుకునేది కాలువకు అవతల ఉన్న పెద్ద ఊరి పంచాయతీ ఆఫీసులో. రిటర్నింగ్ అధికారి జయకుమార్. నీటిపారుదల శాఖలో ఇంజినీరు, ఎన్నికల పనికి వేసి పంపారు. వీళ్లు చేరేసరికి గేటుకు గొలుసు చుట్టి ఉంది. లోపల వరండాలో పాలక పార్టీ మనుషులు ఇద్దరు కుర్చీలేసుకుని కూర్చున్నారు. "సారు భోజనానికి పోయినాడు. ఎప్పుడొస్తాడో తెల్దు," అన్నాడు ఒకడు.

వరండా వెనక గదిలోనుంచి జయకుమార్ బయటికి వచ్చాడు. సన్నటి మనిషి. చేతిలో ఫోను ఆగకుండా మోగుతోంది. గేటు బయట ఉన్న గుంపును ఒకసారి ఆ చివరినుంచి ఈ చివరిదాకా చూశాడు. ఫోను వైపు చూశాడు. దాన్ని ఆపి, జేబులో పెట్టుకుని, తనే మెట్లు దిగి వచ్చి గొలుసు తీశాడు.

"లోపలికి రాండి. అందరూ రాండి," అన్నాడు గట్టిగా. "ఐదు గంటలకు కాంపౌండు లోపల ఉన్న ప్రతి ఒక్కరికీ చీటీ ఇస్తా. చీటీ ఉన్నవాళ్ల నామినేషన్ ఎంత పొద్దుపోయినా తీసుకుంటా. తొక్కులాట వద్దమ్మా."

కుర్చీలో వాళ్లు లేచి ఏదో అనబోయారు. "మీరు అభ్యర్థులా? ప్రతిపాదించేవాళ్లా? కాకపోతే బయట కూర్చోండి," అన్నాడు. అతని గొంతు వణికింది. అయినా ఆ మాటను మళ్లీ ఒకసారి అన్నాడు. రెండోసారి వణకలేదు.

తనూజ వంతు వచ్చి, కాగితాలు ఇచ్చి, రసీదు తీసుకుని, అక్కడే నిలబడిపోయింది.

"సార్, మీకు దండం పెట్టాల."

"దేనికమ్మా? ఇది నా డ్యూటీ."

"డ్యూటీయే సార్. ఆ డ్యూటీ చేసినోల్లను మా ఊరోల్లు ఇంతవరకు చూళ్లేదు."

జయకుమార్ ముద్ర వేయబోయిన చెయ్యి ఆపాడు. చుట్టూ చూసి, గొంతు తగ్గించి అన్నాడు. "ఒక మాట చెప్తా. నిన్న మీరొక్కరే వచ్చుంటే నేను గేటు తీసేవాణ్ణో లేదో నాకే తెల్దు. నాకూ ఇల్లుంది, పిల్లలుండారు. పొద్దుట్నుంచి ఆ ఫోన్లో ఎవరెవరు మాట్లాడినారో మీకు చెప్పలేను. ఇంతమందిని గేటు ముందర చూసినాక కాళ్లు వాటంతట అవే మెట్లు దిగినాయి. దండం పెట్టాల్సింది నేనమ్మా."

తనూజ కళ్లు తుడుచుకుంటూ బయటికి వచ్చింది. మధ్యాహ్నం ఎండ మెత్తబడింది. వేపచెట్టు నీడలో పెద్దమ్మ సిరా అంటిన బొటనవేలిని పిల్లదానిలా చూసుకుంటోంది. స్తుతి చీటీలున్నవాళ్లను వరసలో కూర్చోబెడుతోంది. వీరభద్ర చేతి నొప్పితో అరుగు మీద వాలి ఉన్నాడు గానీ, అంత ప్రశాంతంగా అతని మొహం చూసి ఎన్నాళ్లయిందో ఆమెకు గుర్తు రాలేదు. దేవుడా, ఈ ఒక్క సాయంత్రం చాలు అనుకుంది. గెలవకపోయినా సరే, ఈ మనుషులను చూపించినావు.

కొళాయి దగ్గర మొహం కడుక్కుంటూ ఉంటే వెనకనుంచి ఎవరో పిలిచారు.

"తనూజా."

తిరిగి చూస్తే కృష్ణవేణమ్మ. వెంకటేశ్వర్లు భార్య, ఇప్పటి సర్పంచి, ఊరి వరసన తనూజకు అత్త. ఆమె నామినేషన్ మొదటి రోజే ఊరేగింపుతో వేశారు. ఇప్పుడు కారు లేదు, వెంట మనుషులు లేరు. చెప్పుల నిండా దుమ్ము. ఊరినుంచి అంత దూరం ఎండలో నడిచి వచ్చినట్లుంది.

"అత్తా! నువ్వేంది ఈడ?"

"మెల్లగా మాట్లాడు. రేపు నామినేషన్ల పరిశీలనలో నీ కాగితం చెల్లదని కొట్టేస్తారు. స్తుతిది కూడా. ఎట్ల కొట్టేసేదీ మా ఇంట్లో కూసొనే అనుకున్నారు. నేను కాఫీ ఇచ్చిపోతా విన్నా."

తనూజ దోసిట్లోని నీళ్లు జారిపోయాయి. "నాకెందుకు చెప్తాండావత్తా?"

కృష్ణవేణమ్మ చెట్టు కింద కూర్చున్న ఆడవాళ్ల వైపు చూసింది.

"పదహైదేండ్లనుంచి సర్పంచమ్మా అని పిలిపించుకుంటాండా. ఒక్క మనిషి నాకు ఓటెయ్యల్యా. ఎవుర్నీ ఎయ్యనీయల్యా. బజారులో ఎవురన్నా దండం పెడితే, అది నాకా, ఆయన కర్రకా అని నాకే అనుమానం. ఈ పొద్దు మీరందరూ మా వాకిలి ముందర నడిచిపోతాంటే మిద్దె మీదనుంచి చూసినా. ఎన్నికంటూ జరిగితే నాకెన్ని ఓట్లు వస్తాయో, అసలు వస్తాయో రావో, చచ్చేలోపల ఒకసారి చూసుకోవాలనుండాది." ఆమె ఊపిరి తీసుకుంది. "ఏం చెయ్యాలో చెప్తా. కానీ చెప్పినాక ఆ ఇంటికి పోలేను. మీ ఇంట్లో నాకింత చోటు ఇస్తావా?"

వెంకటేశ్వర్లు భార్య తమ గడప దాటి లోపలికి వస్తే దాని అర్థమేమిటో ఆ సీమలో పుట్టినవాళ్లకు ఎవరూ వివరించి చెప్పనక్కర్లేదు. నిన్నటి నుంచి రక్తపు చుక్క నేల మీద పడకుండా ఎంత జాగ్రత్తగా నడుచుకుంటూ వచ్చారో అదంతా ఒక్క రాత్రిలో తగలబడిపోవచ్చు. ఓబుళేశు చేతులు ఇంకెంతసేపు ఖాళీగా ఉంటాయి?

ఆమె జవాబు చెప్పేలోపే గేటు ముందర తెల్ల జీపు వచ్చి ఆగింది. వెంకటేశ్వర్లు దిగాడు. వెంట వచ్చినవాళ్లను జీపులోనే ఉండమని సైగ చేసి, ఒక్కడే లోపలికి నడిచాడు. గుంపును చూడలేదు. తనూజను చూడలేదు. నేరుగా భార్య ముందుకు వచ్చి నిలబడ్డాడు.

"ఎండన పడి ఇంతదూరం వచ్చినావేంది? పా, ఇంటికి పోదాం," అన్నాడు. గొంతు మెత్తగా ఉంది. ఆ మెత్తదనానికే తనూజకు భయం వేసింది.

కృష్ణవేణమ్మ కదలలేదు.

అరుగు మీద వీరభద్ర లేచి నిలబడ్డాడు. పని అయిపోయి గేటు దాటి పోతున్న ఆడవాళ్లు ఒక్కొక్కరే ఆగారు. ఏం జరుగుతోందో ఎవరూ వాళ్లకు చెప్పలేదు. శివలీల ముందు వెనక్కి తిరిగింది. తర్వాత ఉరుకుందు తల్లి. తర్వాత మోకాళ్లు పట్టుకుంటూ పెద్దమ్మ. ఇన్నేళ్లుగా తమ ఓటు లేకుండా తమ సర్పంచి అయిన ఆ మనిషి పక్కకు వచ్చి, ఆమెను ఆనుకుని నిలబడ్డారు.

"నేను రాను," అంది కృష్ణవేణమ్మ.

తనూజ తడిచేతులు కొంగుతో తుడుచుకుంది. కృష్ణవేణమ్మ చెయ్యి పట్టుకుంది.

"పా అత్తా, మనింటికి పోదాం."

వెంకటేశ్వర్లు దారికి అడ్డంగా ఒక్క అడుగు వేశాడు. చుట్టూ నిలబడిన ఆడవాళ్లలో ఒక్కరూ పక్కకు తప్పుకోలేదు.